దసరా సెలవుల్లో యూరప్: కుటుంబంతో వెళ్లే ఫొటోగ్రాఫర్ చేసుకోవలసిన ఏర్పాట్లు

నల్లగొండ, దేవరకొండ, మహబూబ్‌నగర్, గద్వాల వంటి ఊళ్లలో స్టూడియో నడిపే ఫొటోగ్రాఫర్‌కు సెలవు అనేది పంచాంగం ఇచ్చినప్పుడే దొరుకుతుంది. పిల్లలకు బడి సెలవులుండే మే నెలలో ముహూర్తాలు ఒకదాని మీద ఒకటి పడతాయి. ఆషాఢం వచ్చి మనకు చేతి నిండా ఖాళీ దొరికేసరికి బడులు తెరిచి ఉంటాయి. అందుచేత కుటుంబంతో యూరప్ వెళ్లి, ఆ ప్రయాణంలోనే ఇంటివాళ్లవి మంచి లైఫ్‌స్టైల్ ఫొటోలు తీసుకోవాలనుకునేవారు కెమెరా సంచి జోలికి పోకముందే మూడు కాగితాలను పక్కపక్కన పెట్టుకుని చూడాలి: ముహూర్తాల పట్టిక, బడి సెలవుల పట్టిక, వెళ్లబోయే నగరాల సూర్యోదయాస్తమయ వేళల పట్టిక. ఈ మూడూ కలిసే చోటు ఏడాదిలో ఒక్కటే కనిపిస్తుంది, అది దసరా.

లైఫ్‌స్టైల్ ఫొటో అంటే ఇక్కడ నా ఉద్దేశం ఏమిటో ముందే చెప్పాలి. మనుషులు తమకు అలవాటైన పని ఏదో చేసుకుంటూ ఉండగా, ఫొటోగ్రాఫర్ చోటునూ వెలుగునూ ఎంచి, కొద్దిపాటి సూచనలు మాత్రమే ఇచ్చి తీసే ఫొటో అది. వరసగా నిలబెట్టి తీసే గ్రూపు ఫొటో కాదు. ఎవరికీ తెలియకుండా దూరం నుంచి లాగే క్యాండిడ్ కూడా కాదు. ఈ రకం ఫొటోలకు కట్టడాల కన్నా తీరిక ముఖ్యం. పది రోజుల్లో ఏడు దేశాలు తిప్పే టూరు బస్సులో ఉండి వీటిని తీయడం సాధ్యం కాదని నా అభిప్రాయం, ఎందుకంటే ఆ బస్సు ప్రతి ఊరికీ నడినెత్తిన ఎండ ఉన్నప్పుడే చేరుకుంటుంది.

వేళలు

భాద్రపద బహుళపక్షం, అంటే మహాలయ పక్షంలో, పెళ్లిళ్లు ఉండవు. దాని వెనుకే తెలంగాణ బడులకు దాదాపు రెండు వారాల దసరా సెలవులు వస్తాయి. సెప్టెంబరు చివర, అక్టోబరు మొదట్లో పశ్చిమ యూరప్‌లో ఎండ ఎక్కువ ఉండదు, వణికించే చలీ ఉండదు, చెట్ల ఆకులు పసుపు రంగుకు తిరగడం మొదలవుతుంది. బతుకమ్మను వదిలి వెళ్లడానికి ఇంట్లో పెద్దవాళ్లు ఒప్పుకోకపోవచ్చు. అది న్యాయమైన అభ్యంతరమే. అయితే మనవాళ్లు స్థిరపడిన నగరాలలో బతుకమ్మ ఆడతారు కనుక, తంగేడు, గునుగు దొరకకపోయినా చామంతులతో పేర్చిన బతుకమ్మ చుట్టూ ఇంటి ఆడవాళ్లు ఆడుతున్న ఫొటో ఆ ప్రయాణానికే తలమానికం కావచ్చు. ముందే బంధుమిత్రుల ద్వారా కనుక్కుని ఒక సాయంత్రాన్ని దానికి కేటాయించండి.

దసరా వేళను ఎంచడానికి వెలుగు మరో పెద్ద కారణం. జూన్ చివరలో పారిస్‌లో సూర్యుడు రాత్రి 10 గంటలకు కాస్త ముందు అస్తమిస్తాడు, తెల్లవారి 6 గంటలలోపే ఉదయిస్తాడు. అస్తమయానికి కాస్త ముందు ఉండే మెత్తని బంగారు వెలుగు వచ్చేది రాత్రి 9 తరువాత కనుక అయిదేళ్ల పిల్లకు అది నిద్రవేళ. అప్పుడు తీసిన ఫొటోలలో వెలుగు బాగుంటుంది, పిల్ల ముఖం మాత్రం బాగుండదు. డిసెంబరు 21 ప్రాంతంలో ఇది తలకిందులై, సూర్యుడు ఉదయం 8.40 దాటాక వచ్చి సాయంత్రం 5 గంటలకు ముందే వెళ్లిపోతాడు. అక్టోబరు మొదటి వారాల్లో సూర్యోదయం 8 గంటల ప్రాంతంలో, సూర్యాస్తమయం 7 దాటాక జరుగుతాయి. పిల్లలను తెల్లవారుజామున లేపక్కరలేదు, రాత్రి పొద్దుపోయే దాకా మేలుకొలిపి ఉంచక్కరలేదు.

మన ఊళ్లో వెలుగుకు అలవాటు పడిన కన్ను అక్కడ కొన్ని కొత్త సంగతులు నేర్చుకోవాలి. నల్లగొండ భూమధ్యరేఖకు దగ్గరగా, 17 డిగ్రీల అక్షాంశంలో ఉంది కనుక మన సూర్యుడు దాదాపు నిటారుగా కిందికి దిగిపోతాడు. బంగారు వెలుగు ఉండే చివరి ఆరు డిగ్రీలు దిగంతానికి దిగడానికి అతనికి సుమారు 25 నిమిషాలు చాలు. పారిస్ 48 డిగ్రీలు దాటి ఉంది. అక్కడ సూర్యుడు ఏటవాలుగా జారుతూ అదే దూరానికి అక్టోబరులో 35 నిమిషాలకు పైగా, జూన్ చివరలో దాదాపు 45 నిమిషాలు తీసుకుంటాడు. అంటే మన అవుట్‌డోర్ షూట్‌లలో అలవాటైన హడావిడి అక్కడ అవసరం లేదు. ఇంకొకటి: జూన్ మిట్టమధ్యాహ్నం మన నెత్తి మీద ఉండే సూర్యుడు పారిస్‌లో 65 డిగ్రీల ఎత్తు కూడా దాటడు, డిసెంబరులోనైతే 18 డిగ్రీల దగ్గరే ఆగిపోతాడు. అందువల్ల కళ్ల కింద నల్లని గుంటలు పడే బెడద అక్కడ తక్కువ. కాని ఈ లెక్కలన్నీ మైదానాలకే వర్తిస్తాయి. స్విట్జర్లాండ్ లోయలలో రెండు వైపులా నిలువెత్తు కొండగోడలు ఉంటాయి కాబట్టి అస్తమయానికి చాలా ముందే ఎండ ఊరిని విడిచి కొండకొనల మీదికి ఎక్కుతుంది. అక్కడ పట్టికను నమ్మకుండా, వెళ్లిన మొదటి రోజు సాయంత్రం ఎండ ఎన్ని గంటలకు వీధిని వదులుతుందో చూసి రాసుకోవాలి.

కెమెరా గడియారం కూడా మార్చుకోవాలి. మార్చి చివరి ఆదివారం నుంచి అక్టోబరు చివరి ఆదివారం దాకా ఫ్రాన్స్, జర్మనీ, స్విట్జర్లాండ్ మనకన్నా మూడున్నర గంటలు, మిగిలిన కాలంలో నాలుగున్నర గంటలు వెనుక ఉంటాయి. రెండు కెమెరాలు, ఒక ఫోను వాడేవారు మూడింటి వేళలనూ ఒకే నిమిషానికి కలపకపోతే ఇంటికి వచ్చాక ఫొటోలను వరసలో పెట్టడం పెద్ద చాకిరీ.

వీసా, కస్టమ్స్

షెంగెన్ వీసాకు, అంటే ఫ్రాన్స్, జర్మనీ, స్విట్జర్లాండ్ వంటి అనేక యూరప్ దేశాలకు కలిపి ఇచ్చే ఒకే వీసాకు, ఎక్కువ రాత్రులు గడిపే దేశానికి దరఖాస్తు చేయాలి. రాత్రులు సమానమైతే మొదట అడుగుపెట్టే దేశానికి. ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచి తీసుకుంటారు, కనీసం 15 రోజుల ముందైనా ఇవ్వాలి. వేసవి రద్దీ దృష్ట్యా దసరా ప్రయాణానికి జూన్‌లోనే పని మొదలుపెట్టడం మంచిది. 2024 జూన్ నుంచి పెద్దలకు రుసుము 90 యూరోలు, ఆరు నుంచి పదకొండేళ్ల పిల్లలకు 45 యూరోలు, ఆరేళ్లలోపు వారికి లేదు. దరఖాస్తు కేంద్రం సేవా రుసుము వేరే. కనీసం 30,000 యూరోలకు ప్రయాణ వైద్య బీమా ఉండాలి. పన్నెండేళ్లలోపు పిల్లల వేలిముద్రలు వీసాకు అడగరు. ఫ్రాన్స్ సహా అనేక దేశాల దరఖాస్తులు హైదరాబాద్‌లోనే ఇవ్వవచ్చు. ఈ వీసాతో ఏ 180 రోజుల్లోనైనా 90 రోజులకు మించి ఉండకూడదు. 2025 అక్టోబరు 12 నుంచి సరిహద్దులో ముఖం, వేలిముద్రలు నమోదు చేసే కొత్త పద్ధతి దశలవారీగా మొదలైంది కనుక, విమానం దిగిన వెంటనే రైలు అందుకోవాలనే లెక్క వేయవద్దు.

మన వృత్తివారు తప్పక ఆలోచించవలసినది ఒకటుంది. మీరు వెళుతున్నారని తెలియగానే ఫ్రాంక్‌ఫర్ట్‌లోని దూరపు చుట్టమో, పారిస్‌లో ఉద్యోగం చేస్తున్న పాత గిరాకీ కొడుకో ఫోను చేసి, "అన్నా, మా పాప మొదటి పుట్టినరోజుకు ఒక షూట్ చేసిపెట్టు, డబ్బులు ఇక్కడే ఇస్తాను" అనడం సహజం. పర్యటన కోసం ఇచ్చిన వీసా మీద డబ్బు తీసుకుని పని చేయడానికి అనుమతి లేదు. పని అనుమతి ఒక్కో దేశం తన సొంత చట్టం ప్రకారం విడిగా ఇస్తుంది. చిన్న పనే కదా అనుకుని ఒప్పుకుంటే తరువాత వచ్చే వీసాలన్నింటి మీదా ఆ నీడ పడుతుంది. కాబట్టి మీ సొంత కుటుంబాన్నే తీయండి. ఆ ఫొటోలే మీ స్టూడియో పనితనాన్ని చూపిస్తాయి.

బయలుదేరేటప్పుడు శంషాబాద్ విమానాశ్రయంలో కస్టమ్స్ అధికారుల దగ్గర ఖరీదైన కెమెరా, లెన్సుల సీరియల్ నంబర్లతో ఎగుమతి ధ్రువపత్రం తీసుకోవడం మంచిది. దానికోసం వస్తువులనూ, కొన్న రశీదులనూ చూపించాలి కనుక వాటిని చెకిన్ సామానులో వేయకముందే ఆ పని పూర్తిచేసుకోవాలి. తిరిగి వచ్చినప్పుడు అవి విదేశంలో కొన్నవి కావని చెప్పడానికి ఈ కాగితం పనికివస్తుంది.

సామాను

పెళ్లికి తీసుకెళ్లే సామానులో మూడో వంతు చాలు. చాలా విమాన సంస్థలు చేతిసంచికి 7 లేదా 8 కిలోల హద్దు పెడతాయి, పైగా అక్కడ రాళ్లు పరిచిన వీధుల్లో మోసేది మీరే, అసిస్టెంటు ఉండడు. ఒక కెమెరా బాడీ, ఒక 35 ఎం.ఎం. లెన్సు, ఒక 85 ఎం.ఎం. లెన్సు ఉంటే దాదాపు అన్నీ తీయవచ్చు; ఒక్కటే అంటే 35 తీసుకుంటాను, ఎందుకంటే అది మనిషినీ మనిషి ఉన్న చోటునూ కలిపి చూపిస్తుంది, ఇరుకు హోటల్ గదిలోనూ పనిచేస్తుంది. విడి బ్యాటరీలు చేతిసంచిలోనే ఉండాలి, చెకిన్ సామానులో వేయకూడదు. విద్యుత్ మన దగ్గరిలాగే 230 వోల్టులు కనుక ప్లగ్గు మార్చే అడాప్టరు చాలు. డ్రోనును ఇంట్లోనే వదలండి: కెమెరా ఉన్న డ్రోను 250 గ్రాములలోపుదైనా యూరోపియన్ యూనియన్‌లో ఎగరవేసేవారు నమోదు చేసుకోవాలి, పారిస్ నగరంపై ఎగరవేయడం నిషిద్ధం.

బట్టల గురించి ఎక్కువ ఆలోచించడం అవసరం, ఎందుకంటే ఫొటోలో మన ప్రాంతాన్ని చూపేది అవే. గద్వాల చీరలో ఒడలు నూలు, అంచూ కొంగూ పట్టు. నడకకు బరువు ఉండదు, గాలికి కొంగు లేచినప్పుడు పట్టు వెలుగును పట్టుకుంటుంది. బూడిద రంగు రాతి గోడల ముందు ముదురు రంగు గద్వాల చీర ఎంత నిండుగా కనిపిస్తుందో చూస్తే కొత్త గౌన్లు కొనాలనే ఆలోచన పోతుంది. పోచంపల్లి ఇక్కత్‌లో రంగుల అంచులు కొద్దిగా చెదిరినట్టు ఉండటం వల్ల కెమెరాకు ఇబ్బంది కలగదు. పుట్టపాక తేలియా రుమాలు ఎరుపు, నలుపు, తెలుపు రంగులు పిల్లల చొక్కాలకూ, మగవారి కండువాలకూ బాగుంటాయి. మరీ సన్నని గళ్లున్న బట్టల విషయంలో మాత్రం జాగ్రత్త: దూరం నుంచి తీస్తే సెన్సారు గళ్లూ, బట్ట గళ్లూ కలిసి ఇంద్రధనుస్సు చారలు పుట్టిస్తాయి. నారాయణపేట చీరలలో పెద్ద గళ్లవి ఎంచుకోండి. అందరికీ ఒకే రంగు యూనిఫాం వద్దు. ఒకరి అంచు రంగు మరొకరి చొక్కాలో కనిపిస్తే చాలు. మంచు కొండల మీద పల్చటి చీరలో భార్యను నిలబెట్టే సరదా సినిమా పాటలకు వదిలేసి, లోపల వెచ్చని ఇన్నర్లు, పైన బొత్తాలు విప్పిన పొడవాటి కోటు వేయించండి.

ఇక్కడే చేయవలసిన సాధన

అక్కడికి వెళ్లి సాధన చేసే సమయం ఉండదు. బయలుదేరే ముందు నెలలో ఇంటివాళ్లతో ఒకటి రెండు సాయంత్రాలు మన దగ్గరే గడపండి. పానగల్లు ఛాయా సోమేశ్వరాలయంలో పగలంతా గర్భగుడి గోడ మీద కదలకుండా నిలిచే నీడను చూడటానికి జనం వస్తారు. ఫొటోగ్రాఫర్ అయినవాడు అక్కడ మండపంలోకి పక్కల నుంచి ప్రవేశించే వెలుగును కూడా చూడాలి. నేరుగా పడే ఎండ లేకుండా, ఒక వైపు నుంచి మెత్తగా వచ్చి ముఖం మీద వాలే ఆ వెలుగే యూరప్ పాత ఊళ్లలోని ఆర్కేడుల (కమానుల వరస ఉన్న నడవల) కింద, చర్చి గుమ్మాల దగ్గర, ఇరుకు వీధుల మలుపుల్లో దొరుకుతుంది. మండపం అంచున పిల్లను కూర్చోబెట్టి, స్తంభం వైపు ఒక అడుగు, బయటి వైపు ఒక అడుగు జరుపుతూ ముఖం మీద వెలుగు ఎలా మారుతుందో గమనించండి. మహబూబ్‌నగర్ పిల్లలమర్రి దగ్గర దీనికి పూర్తిగా భిన్నమైన కష్టం ఉంటుంది: ఆకుల సందుల్లోంచి ముఖాల మీద చుక్కలు చుక్కలుగా ఎండ పడుతుంది. చెట్టుకు వెలుపలి అంచున, నీడలోనే ఉంటూ ఆకాశం వైపు ముఖం తిప్పి నిలబెట్టడం అక్కడ నేర్చుకుంటే, పారిస్ తోటల్లో అదే పనికొస్తుంది. గద్వాల కోట సందుల్లోనో, దేవరకొండ ఖిల్లా మెట్ల మీదనో నడుస్తున్న పిల్లలను వెనక్కి నడుస్తూ తీయడం అభ్యాసం చేయండి. యూరప్‌లో సగం ఫొటోలు అలా తీసేవే.

ఈ సాధనలో ఇంటివాళ్లకు కూడా శిక్షణ అందుతుంది. మన పెద్దవాళ్లు కెమెరా కనిపించగానే చేతులు కిందికి వదిలి, గొంతు సవరించుకుని నిటారుగా నిలబడతారు. రెండు సాయంత్రాలు గడిచాక, నాన్న కెమెరా ఎప్పుడూ మెడలోనే ఉంటుందిలే అని పిల్లలూ, వీడు ఎలాగూ తీస్తూనే ఉంటాడని నాయనమ్మా పట్టించుకోవడం మానేస్తారు.

దారి

మూడు ఊళ్లు, ఒక్కో ఊళ్లో మూడు నాలుగు రాత్రులు. నాకు నచ్చిన దారి పారిస్, ఫ్రాన్స్‌లోనే ఉన్న కోల్మార్, స్విట్జర్లాండ్‌లోని లూసెర్న్. పారిస్ నుంచి కోల్మార్‌కు వేగపు రైలులో సుమారు రెండున్నర గంటలు, అక్కడి నుంచి బాసెల్ మీదుగా లూసెర్న్‌కు ఒక పూట ప్రయాణం. ఈ మాత్రం దారికి అనేక దేశాల రైళ్లకు చెల్లే యూరెయిల్ పాసు అవసరం ఉండదు, ముందుగా కొన్న విడి టికెట్లే సాధారణంగా చవక. స్విట్జర్లాండ్‌లో ఉచిత ఫ్యామిలీ కార్డు తీసుకుంటే తల్లిదండ్రులతో వెళ్లే ఆరు నుంచి పదిహేనేళ్ల పిల్లలకు టికెట్టు కొనక్కరలేదు.

పారిస్‌లో ఐఫిల్ టవర్ ఎదుట ట్రొకాడెరో అరుగు మీద మధ్యాహ్నం ఫొటో తీయడం కన్నా నల్లగొండ క్లాక్ టవర్ సెంటర్‌లో తీయడం సులువు. జనం అంత ఉంటారు. ఉదయం సూర్యోదయానికి ముందే వెళ్లండి, అక్టోబరులో అది ఏడున్నర గంటలే కదా. అంతకన్నా నేను బీర్ హకీమ్ వంతెనను సూచిస్తాను. పైన మెట్రో రైలు వెళుతుంది, కింద ఇనుప స్తంభాల వరస మధ్య నడకదారి ఉంటుంది. స్తంభాల నీడలో ముఖాల మీద పక్క వెలుగు, వెనుక నది, టవర్ ఒక మూలకు. టవర్ ఫొటో మధ్యలోకి రాకుండా చూసుకోండి. మధ్యలో ఉండవలసింది పాప చేతిలోని వేడి రొట్టె. లూవ్ర్ మ్యూజియం మంగళవారం మూసి ఉంటుంది, 18 ఏళ్లలోపు వారికి ప్రవేశం ఉచితం.

కోల్మార్‌లో లౌష్ వాగు ఒడ్డున రంగురంగుల కర్రచట్రాల ఇళ్లు ఉంటాయి. ఇక్కడ వెలుగు ఒక మోసం చేస్తుంది. నీలం గోడ పక్కన నిలబడితే చెంప మీద నీలం, పసుపు గోడ పక్కన పసుపు పడుతుంది. మన చామనఛాయ ముఖాల మీద నీలం, ఆకుపచ్చ ఛాయలు రోగిష్ఠి కళ తెస్తాయి. ఆ గోడలను వెనుక పెట్టుకోండి కాని పక్కన పెట్టుకోకండి. వైట్ బ్యాలెన్సును (కెమెరా రంగులను సరిచేసే అమరికను) ఆటోలో వదలక 5500 కెల్విన్ దగ్గర కట్టేసి, తరువాత సవరించుకోవడానికి వీలైన రా ఫైళ్లు తీస్తే వరస ఫొటోలన్నిటికీ ఒకే ఛాయ ఉంటుంది. 1865 నాటి కప్పుగల అంగడి ఒకటి అక్కడ ఉంది. నాయనమ్మ టమాటలు ఏరుతూ, ధర విని మనసులో రూపాయల్లోకి మార్చుకునే క్షణం ఏ కోటల ముందూ దొరకదు. చుట్టుపక్కల ద్రాక్షతోటల్లో సెప్టెంబరు, అక్టోబరు నెలలు కోత కాలం.

లూసెర్న్‌లో 14వ శతాబ్దపు కప్పుగల కొయ్య వంతెన ఉంది. 1993 ఆగస్టులో మంటల్లో చాలా భాగం కాలిపోగా మరుసటి ఏడాదికే తిరిగి కట్టారు. తెల్లవారే ముందు గంట అది దాదాపు ఖాళీగా ఉంటుంది. సరస్సు పడవలోని కిటికీ పక్క బల్ల నాకు తెలిసిన అతి మంచి సహజ స్టూడియో: పెద్ద కిటికీ, నీటి మీద నుంచి కిందివైపు నుంచి కూడా వెలుగు, కదలకుండా కూర్చున్న పిల్లలు. దగ్గరలోని టిట్లిస్ కొండ మంచు మీదకు వెళితే రెండు విషయాలు గుర్తుంచుకోవాలి. కెమెరా మీటరు తెల్లని మంచును బూడిద రంగుగా లెక్కవేస్తుంది కనుక ఎక్స్‌పోజరును ఒకటి నుంచి ఒకటిన్నర స్టాపుల దాకా పెంచాలి (ఒక స్టాపు అంటే వెలుగు రెట్టింపు). ముఖాలకు కూడా అది మేలు చేస్తుంది. చలిలో బ్యాటరీలు త్వరగా నీరసిస్తాయి, విడి బ్యాటరీని లోపలి జేబులో ఒంటికి తగిలేలా పెట్టుకోవాలి. వెచ్చని గదిలోకి వచ్చాక సంచిని అరగంట తెరవకండి, లెన్సు మీద తేమ పట్టదు.

రోజుకు ఒక్క గంట

ఇదంతా ఒక నియమం మీద ఆధారపడి ఉంది: కుటుంబానికి ముందే చెప్పిన ఒక్క గంట మాత్రమే షూట్ జరగాలి. మిగిలిన పగలంతా కెమెరా సంచిలో ఉండాలి లేదా మెడలో ఊరికే వేలాడాలి. ఆ గంటకు ముందు అందరూ తిని ఉండాలి. సకినాలు, పల్లీల పొడి, కారప్పొడి సర్దుకుని వెళ్లవచ్చు. నెయ్యి, పాలకోవా, చికెన్ పచ్చడి, మటన్ పచ్చడి వంటి పాలు, మాంసం కలిసినవి యూరోపియన్ యూనియన్‌లోకి తీసుకుపోకూడదు, పచ్చి కరివేపాకుకు కూడా ధ్రువపత్రం కావాలి.

"నవ్వండి" అని ఎప్పుడూ అనకండి, పని చెప్పండి. "నాయనమ్మ చెయ్యి పట్టుకుని ఆ వంతెన దాకా పోయి, నీళ్లలో బాతులెన్ని ఉన్నాయో లెక్కపెట్టి రా" అంటే పిల్ల వెళ్లేటప్పటి నడక, లెక్కలో తప్పినప్పటి నవ్వు, తిరిగి పరుగెత్తి వచ్చేటప్పటి ముఖం, మూడూ దొరుకుతాయి. తాతకు పటమో రైలు టికెట్టో ఇచ్చి చదవమంటే చాలు, చేతులు ఏం చేయాలో తెలియని ఇబ్బంది తీరిపోతుంది. నడిచే పిల్లలకు షట్టరు సెకనులో 500వ వంతు, కూర్చున్నవారికి 200వ వంతు. లెన్సు రంధ్రం (అపర్చరు) ఒకరిద్దరికి ఎఫ్ 2.8, ముందు వెనుకలుగా ఉన్న నలుగురైదుగురికి ఎఫ్ 5.6. ఐఎస్‌ఓను (సెన్సారు వెలుగును గ్రహించే స్థాయిని) ఆటోలో పెట్టి 6400 దగ్గర హద్దు వేయండి. మబ్బు పట్టిన రోజు వెలుగు ముఖాలకు బాగుంటుంది గాని తెల్లని ఆకాశం ఫొటోలోకి వస్తే చప్పబడుతుంది, కాస్త పై నుంచి తీయండి లేదా గోడను వెనుక పెట్టండి.

ఆల్బమ్ మొత్తం తిప్పినా ఫొటోగ్రాఫర్ కనిపించకపోవడం మన ఇళ్లలో మామూలే. ప్రతి రోజూ ఆ గంటలో చివరి పది నిమిషాలు కెమెరాను భార్యకో, పెద్ద పిల్లవాడికో ఇవ్వండి. 35 ఎం.ఎం. లెన్సు, ఎఫ్ 4, ముఖాన్ని పట్టే ఆటోఫోకస్ పెట్టి ఇచ్చి, ఆ తరువాత సలహాలు చెప్పడం మానుకోండి.

ఇతరుల హక్కులు

యూరప్‌లో వీధిలో కెమెరా పట్టుకోవడం నేరం కాదు, కాని ముక్కుమొహం తెలియని మనిషి గుర్తుపట్టగలిగేలా ఉన్న ఫొటోను ప్రచురించడానికి జర్మనీ, ఫ్రాన్స్ వంటి దేశాలలో సాధారణంగా అతని సమ్మతి కావాలి. హంగరీలో 2014 నుంచి తీయడానికే సమ్మతి అడగాలి. ఇతరుల పిల్లలను అసలు తీయవద్దు. వాటికన్‌లోని సిస్టీన్ చాపెల్‌లో ఫొటోలు నిషిద్ధం. ఐఫిల్ టవర్‌పై హక్కులు ఎప్పుడో ముగిసిపోయాయి గాని రాత్రి దీపాల అలంకరణకు ఇంకా ఉన్నాయి. ఇంట్లో పెట్టుకునే ఫొటోకు అభ్యంతరం లేదు, స్టూడియో ప్రకటనకు ఆ రాత్రి ఫొటో వాడాలంటే అనుమతి తీసుకోవాలి. పగటి ఫొటో వాడితే ఆ చిక్కే లేదు.

చట్టం చెప్పని మర్యాద కూడా ఉంది. ఆస్ట్రియాలోని హాల్‌స్టాట్ వెయ్యి మంది కూడా లేని పల్లె. ఫొటోల కోసం వచ్చే జనాన్ని భరించలేక 2023లో అక్కడ ప్రసిద్ధమైన దృశ్యానికి అడ్డంగా కొంతకాలం కర్ర కంచె కట్టారు. ఎవరి ఇంటి గుమ్మంలోనైనా ఫొటో తీయాలనిపిస్తే, మన వాకిట్లో ఎవరో వచ్చి పది నిమిషాలు నిలబడితే మనం ఏమంటామో తలచుకుని, తలుపు తట్టి అడగండి లేదా ముందుకు నడవండి. పారిస్, రోమ్, బార్సిలోనాలలో జేబుదొంగలు ఎక్కువ. ఫొటో తీసేటప్పుడు సంచిని నేల మీద పెట్టకండి, భార్య భుజానికి కూడా కాదు, మీ ముందువైపే వేసుకోండి.

ప్రతి రాత్రి కార్డులోని ఫైళ్లను రెండు చోట్లకు కాపీ చేసి, ఒక డ్రైవును మీ సంచిలో, మరొకదాన్ని ఇంకొకరి సంచిలో ఉంచండి. ఇంటికి వచ్చేదాకా కార్డులను చెరపవద్దు, ఆ మేరకు ఎక్కువ కార్డులు తీసుకెళ్లండి.

ఆల్బమ్ విషయంలో మన పెళ్లి అలవాటును కాస్త పక్కన పెట్టాలి. పెళ్లి ఆల్బమ్‌లకు వాడే కరిజ్మా షీట్ల మీద పది ఫొటోలు కత్తిరించి, వెనుక మంచు కొండ వేసి, మూలల్లో గులాబీలు పెట్టే పద్ధతి ఈ ఫొటోలను చంపేస్తుంది. పది అంగుళాల చదరపు ఆల్బమ్, పేజీకి ఒక్క ఫొటో, మొత్తం నలభైకి మించకుండా. ప్రతి ఫొటో కింద ఊరి పేరు, తేదీ, అప్పుడు ఎవరు ఏం చేస్తున్నారో ఒక్క వాక్యం. ఆ వాక్యాన్ని పిల్లల చేత వాళ్ల చేతిరాతతోనే రాయించి, స్కాన్ చేసి వేయించండి.